వైజాగ్ స్టార్ హోటల్లో ఉండి రండి, అరకు కొండ మాత్రం రాసివ్వకండి



ఈ మధ్య మన గ్రూపులో వైజాగ్ హోటళ్ల ఫోటోలు ఎక్కువయ్యాయి. ఇంటర్వ్యూకో, ట్రైనింగుకో వెళ్లిన మనోళ్లు బీచ్ రోడ్డు హోటల్ గదిలోంచి సముద్రం ఫోటో తీసి పెడుతున్నారు. సంతోషం. అలాంటి చోటికి మనం వెళ్లకూడదని ఎక్కడా రాసి లేదు. కానీ ఆ ఫోటోల కింద ఒక మాట పదేపదే కనిపిస్తోంది. "ఇలాంటి హోటళ్లు అరకులో, పాడేరులో కూడా వస్తే మన ఏజెన్సీ బాగుపడుతుంది, 1/70 చట్టమే అడ్డు" అని. దీని మీద నా అభిప్రాయం వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ముందు ఆ హోటల్ ఏం అమ్ముతోందో చూద్దాం. ఒక శిక్షణ కార్యక్రమం కోసం నేనూ అలాంటి హోటల్లో రెండు రాత్రులు ఉన్నాను. పరుపు, ఏసీ, పొద్దున టిఫిను, అన్నీ బాగున్నాయి. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం గది అద్దె. అదే సైజు గది, అదే మంచం, అదే బాత్రూం. కిటికీ సముద్రం వైపు ఉంటే ఎక్కువ రేటు, ఊరి వైపు ఉంటే తక్కువ రేటు. అంటే ఆ పైడబ్బు మంచానికి కాదు, కిటికీకి. సముద్రాన్ని హోటల్ వాళ్లు తయారు చెయ్యలేదు. సముద్రం ఎదురుగా ఉన్న స్థలం వాళ్ల చేతిలో ఉంది, అంతే.

ఇప్పుడు మన వైపు చూడండి. వంజంగిలో తెల్లారేసరికి కొండల మధ్య మబ్బులు, లంబసింగి చలి, అరకు లోయ, కాఫీ తోటలు. వీటిని చూడ్డానికే జనం ఘాట్ రోడ్డెక్కి వస్తున్నారు. ఆ కిటికీ మన ఇళ్లకి ముందునుంచీ ఉంది. పెట్టుబడి పెట్టేవాళ్లకి కావాల్సింది దాని ఎదురుగా స్థలం. ఆ స్థలం ఇవాళ్టికీ చట్టప్రకారం మనది. గొడవంతా అక్కడే ఉంది.

2025 జనవరిలో విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు గుర్తుందా? ఏజెన్సీలో పర్యాటకం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలన్న అర్థంలో అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారు మాట్లాడారు. దాని మీద ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ జరిగింది. చట్టాన్ని తీసేసే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు చెప్పాల్సి వచ్చింది. సరే, మాట ఇచ్చారు. కానీ బంద్ చేసిన మనలోనే ఇప్పుడు కొందరు అదే వాదన చేస్తుంటే నాకు బాధగా ఉంది.

అసలు 1/70 ఏం చెప్తోంది? 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని 1970లో గట్టిపరిచారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడు గిరిజనేతరుడికి భూమి అమ్మినా చెల్లదు, గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. బొర్రా ప్రాంతం గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న ఇంకా స్పష్టంగా చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదని.

హోటల్ కట్టొద్దని ఇందులో ఎక్కడైనా ఉందా? లేదు. పర్యాటక సంస్థ రిసార్టులు అరకులో ఎప్పట్నుంచో నడుస్తున్నాయి. గిరిజనుడు తన భూమిలో లాడ్జి కట్టుకుంటే 1/70 ఆపదు.

"మనోళ్లకి డబ్బెక్కడిది, బ్యాంకు లోను ఇవ్వదు కదా" అంటారు. ఇది న్యాయమైన ప్రశ్నే. కానీ దీనికి జవాబు ఆ చట్టంలోనే ఉంది. 1971లో తెచ్చిన సవరణ ప్రకారం ఆమోదం పొందిన బ్యాంకుకి మన భూమిని స్వాధీనం ఇవ్వకుండానే తనఖా పెట్టుకోవచ్చు. అప్పు తీరకపోతే బ్యాంకు దాన్ని గిరిజనులకే, లేదా గిరిజనుల సంఘానికే అమ్మాలి. అంటే అడ్డు చట్టం కాదు, దాన్ని వాడుకోనివ్వని పద్ధతి. మనం గట్టిగా అడగాల్సింది అక్కడ.

"హోటలొస్తే ఉద్యోగాలొస్తాయి" అన్నది ఇంకో వాదన. ఇదే విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాల భూములు తీసుకున్నారు. అది ప్రభుత్వ కంపెనీ. నిర్వాసితులకి ఆర్ కార్డులు కూడా ఇచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం చూస్తూనే వయసైపోయినవాళ్లు ఎంతోమంది. ప్రభుత్వ ఫ్యాక్టరీకి భూమి ఇచ్చినవాళ్ల పరిస్థితే ఇది. ప్రైవేటు హోటల్ మనకి ఏం రాసిస్తుంది? గేటు దగ్గర, తోటలో, గదులు తుడిచే చోట పని దొరకొచ్చు. ఏ పనీ తక్కువ కాదు. కానీ భూమి చేతిలో లేనప్పుడు జీతం గురించి గట్టిగా అడిగే బలం కూడా ఉండదు.

టీచర్ పోస్టుల్లో మనకి నూరు శాతం రిజర్వేషన్ ఇచ్చిన 2000 నాటి జీవో నంబర్ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఉద్యోగాల కంచె అలా పోయింది. మిగిలింది భూమి కంచె. దాన్ని మన చేతులతో మనమే పీకేద్దామా?

మన కాఫీని చూడండి. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ పారిస్ వెళ్లింది, తోట మన దగ్గరే ఉంది. పర్యాటకం కూడా అలాగే జరగాలి. వచ్చినవాళ్లకి గది అద్దెకిద్దాం, భోజనం పెడదాం, బొంగులో చికెన్ అమ్ముదాం. భూమి మాత్రం మన పేరు మీదే ఉండాలి.

ఇందులో మన ఇంటి తప్పు కూడా ఒకటుంది. పట్టా మనోడిది, పెట్టుబడి, లాభం బయటోడివి. అలాంటి బినామీ లాడ్జీలు, టెంట్లు ఎక్కడున్నాయో మనకి తెలుసు. నాలుగు డబ్బుల కోసం పేరు అరువిచ్చి, రేపు 1/70ని కాపాడమని రోడ్డెక్కితే ఎవరు నమ్ముతారు?

అందుకే నేను కోరేది ఇదీ. డిగ్రీ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ హోటల్ మేనేజ్‌మెంట్ వైపు కూడా చూడండి. వైజాగ్ హోటళ్లలో పని చేసి ఆ వ్యాపారం లోపలినుంచి నేర్చుకోండి. ఊళ్లో పదిమంది కలిసి సంఘం పెట్టి, గ్రామసభలో తీర్మానం చేసి, ఐటీడీఏని, బ్యాంకుని కాగితం మీద అడగండి. కాదంటే ఎందుకు కాదో కాగితం మీదే రాసిమ్మనండి.

మీ ఊళ్లో ఇలా మనోళ్లే నడుపుతున్న హోమ్‌స్టేలు ఉంటే కింద రాయండి. నాతో ఏకీభవించనివాళ్లు కూడా రాయండి, మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ.