ఎవరు ప్రక్కవాద్యం?

లయకు కులం లేదనీ, దేశం లేదనీ మన సంగీత విమర్శకులు కొందరు తరచు సెలవిస్తున్నారు. క్యూబా కాంగానూ మన మృదంగాన్నీ ఒకే వేదికమీద కూర్చోబెడితే చాలు, వారికి విశ్వమానవత్వం సాక్షాత్కరిస్తుంది. లయకు కులం లేకపోవచ్చు. వాయించే చేతికి ఉన్నది.

కాంగా కథే చూడండి. 1917లో హవానాలో పుట్టిన మాంగో సాంటమరియా 1950లో న్యూయార్కు చేరి, ఇతరుల బృందాల్లో వెనక కూర్చుని వాయించి, తరువాత స్వంత బృందం నడిపాడు. 1963లో అతని ‘వాటర్‌మెలన్ మాన్’ అమెరికా అంతటా మోగింది. వెనకవాడు ముందుకొచ్చాడు, సంతోషం. కాని ఆఫ్రికా లయ ఆ దీవులకు కళామైత్రికోసం ఓడెక్కలేదు. సంకెళ్ళు తగిలించుకున్న బానిసల వెంట వచ్చింది. అదే సముద్రంలోని ట్రినిడాడ్‌లో 1881లో కాన్‌బూలే ఊరేగింపు జనం పోలీసులను ఎదిరించారు. 1884 కల్లా బ్రిటిష్ ప్రభుత్వం శాసనం తెచ్చి డోళ్ళ నోరు నొక్కింది. జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టారు. ఆ తరువాత పాత డబ్బాలూ, చమురు పీపాలూ వాద్యాలైనవి. ‘లయల మేళవింపు’ అని మనం ముద్దుగా పిలిచేదానికి ఇదీ పురుడు.

మరి మన దగ్గర? మృదంగం గాత్రానికి ప్రక్కవాద్యం. గాయకుడు దయతలచి ‘తని’ ఇస్తే ఆ కాసేపే దానిది. (సభలో సగంమంది కాఫీకి లేచేది సరిగ్గా అప్పుడే!) ఆ మర్యాదను కాదని మృదంగాన్ని ఏకవాద్యంగా నిలబెట్టినవారు ఎల్లా వెంకటేశ్వరరావుగారు, 2008లో పద్మశ్రీ వచ్చింది. మగవారి సొత్తనుకున్న వాద్యాన్ని చేపట్టిన దండమూడి సుమతిగారికి 2021లో వచ్చింది. వారి సాధనను తక్కువ చేసేవాడు మూర్ఖుడు. నా తగవు వారితో కాదు, వారిని చూపి లెక్క సరిపోయిందనేవారితో.

ఆ మృదంగానికి తోలు బిగించినదెవరు? వారిలో చాలామంది దళితులని టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే గ్రంథమే వ్రాశాడు. పశువును పూజించేవాడికి వేదిక, దాని తోలు శుభ్రం చేసేవాడికి వాకిలి!

ఇక డప్పు సంగతి. దానికి వేదిక ఏది? మాదిగవాడలో మంటకు కాచి, చిర్రతో, సిటికెన పుల్లతో వాయించే ఆ వాద్యం లేనిదే జాతర లేదు, శవం లేవదు. ఐనా అది కళ కాదట, కులవృత్తి అట! తరతరాలు దానిని వెట్టిగా వాయించుకున్నారు. ఆ వెట్టి డప్పునే జననాట్యమండలి 1970లలో పోరాటానికి పిలుపుగా మార్చింది. 1994లో ఈదుమూడిలో మొదలైన మాదిగల ఉద్యమం ‘దండోరా’ అన్న మాటనే తన పేరు చేసుకున్నది. అవమానపు గుర్తును జెండాగా ఎత్తిన ఈ చరిత్రముందు మన విమర్శకుల విశ్వలయ ఎంత పేలవం!

డప్పు దరువును ఎత్తుకుపోయి యంత్రంలో పోసి ‘ప్రపంచ సంగీతం’ అని అమ్మేవారున్నారు. కలపవద్దనడం లేదు. కలిపేటప్పుడు ఆ దరువుతో పాటు మనిషినీ పిలవండి. మా తిరువూరు పల్లెల డప్పు కళాకారుడికి మృదంగ విద్వాంసునితో సమానంగా కుర్చీ, పారితోషికం ఇవ్వండి. కళాశాలలో గురువుగా నియమించండి. విద్యార్థి మిత్రులు కూడా ఇకమీదట ఏ లయసమ్మేళనానికి వెళ్ళినా కరపత్రం తిప్పి చూడాలి: డప్పు వాయించినవాడి పేరు అచ్చయిందా, లేక ‘మరియు బృందం’ అన్నదాంట్లో కలిసిపోయిందా?