నివేదికలో లేని పుటలు

ఆరోగ్య సర్వే నివేదికను ఎవరూ పుస్తకంగా చదవరు. చదివితే, మంచి నవల ముందు వేయవలసిన ప్రశ్ననే దాని ముందూ వేయవలసి వస్తుంది: ఇందులో ఎవరున్నారు, ఎవరు లేరు?

కువైట్‌లో 2014లో జరిగిన ‘స్టెప్స్’ సర్వే ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన మూడంచెల పద్ధతిలో సాగింది. మొదట ప్రశ్నలు, తర్వాత ఎత్తు, బరువు, నడుము కొలత, రక్తపోటు, చివరకు పరగడుపు రక్తపరీక్ష. పెద్దవారిలో దాదాపు 40 శాతం స్థూలకాయులని అది తేల్చింది. అవసరమైన పనే, శ్రద్ధగా చేసిన పనే. కాని ఆ కొలతలన్నీ 18 నుంచి 69 ఏళ్ల లోపు కువైటీ పౌరులవి. 2006 నాటి సర్వే కూడా పౌరులదే. ఆ దేశంలో నివసించేవారిలో నూటికి సుమారు 70 మంది పౌరులు కారు. వారిలో భారతీయులే దాదాపు 10 లక్షలు.

ఎక్కడ ఏ చికిత్సా కేంద్రం తెరవాలి, ఏ మందు ఎంత నిల్వ ఉంచాలి, హెచ్చరిక ఏ భాషలో రాయాలి అన్నవి సర్వే తీర్చవలసిన సందేహాలు. నూటికి 30 మందిని కొలిచి మొత్తానికి ప్రణాళిక వేస్తే అది ప్రణాళిక కాదు, ఊహ. ఎక్కువగా కూర్చుని పనిచేసేవాడికి నడవమని చెప్పే సలహా, పరంజా మీద పగలంతా నిలబడేవాడికి దేనికి? 2016 జూలైలో మిత్రిబాలో నమోదైన ఉష్ణోగ్రత 53.9 డిగ్రీలు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని నిషిద్ధం. మంచి నియమమే. అయితే అది చాలునా? వేసవికి ముందూ తర్వాతా కార్మికుల మూత్రపిండాల పనితీరు కొలిస్తే గాని తెలియదు. కొలవని నియమాన్ని సమర్థించనూ లేరు, సవరించనూ లేరు.

వలసవచ్చినవారు తాత్కాలికులని ఒక సమాధానం వినిపిస్తుంది. మనిషి తాత్కాలికుడు కావచ్చు. అతను పడుకునే మంచం తాత్కాలికం కాదు. ఒకడు వెళ్లేసరికి ఇంకొకడు వస్తాడు. పైగా ఆరోగ్యవంతులే పరీక్షలు దాటి వస్తారు, జబ్బుపడినవారు తిరిగిపోతారు. అందుకే ఆసుపత్రి రికార్డులు మాత్రమే చూసినవారికి ఈ జనం ఉన్నదానికన్నా ఆరోగ్యంగా కనిపిస్తారు.

ఇంతమందిని లెక్కించడం కష్టమని మరో సమాధానం. పొరుగున ఒమన్ 2017 సర్వేలో విదేశీయులనూ చేర్చుకుంది. కువైట్‌లో ప్రతి నివాసికీ సివిల్ ఐడీ ఉంది, దాని వెనుక చిరునామా ఉంది. అకామా కావాలంటే క్షయ, హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్‌ల పరీక్షలు తప్పవు. మనిషిని తిప్పిపంపడానికి రక్తం తీయగలిగిన వ్యవస్థ, అతన్ని కాపాడడానికి తీయలేనంటే నమ్మడం ఎలా?

స్వదేశంలోనైనా ఈ మనిషి లెక్కలో ఉన్నాడా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైంది. రాయచోటిలోనో రాజంపేటలోనో ఇంటికి వచ్చిన సర్వే బృందం రక్తపోటు పట్టీని ఇంట్లో ఉన్న చేతికే చుట్టగలదు. కోయిట్‌లో ఉన్న చేతికి చుట్టలేదు. కడప జిల్లా పట్టికలో భార్య రక్తహీనత ఉంటుంది, తల్లి మధుమేహం ఉంటుంది. డబ్బు పంపేవాడు ఉండడు. రెండు ప్రభుత్వాలు లెక్కలు రాసుకున్నాయి, రెండింటిలోనూ అతను గైర్హాజరు.

చేయవలసింది పెద్ద మర్మమేమీ కాదు. కువైట్ తరువాతి సర్వే నమూనాను నివాసులందరి జాబితా నుంచి, జాతీయతనూ వృత్తినీ బట్టి తీయాలి. తెలుగు, హిందీ, మలయాళం, బెంగాలీల్లో ప్రశ్నలు అడగాలి. ఫలితాలను గవర్నరేట్ల వారీగా ప్రకటించాలి. అన్నిటికన్నా ముందు, రక్తపరీక్ష ఫలితం అకామాను తాకదన్న హామీ చట్టంలో ఉండాలి. అది లేకపోతే ఎవరూ చేయి చాపరు. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ కూడా తిరిగివచ్చినవారిని విడిగా అడిగి, ఎన్నేళ్లు గల్ఫ్‌లో ఉన్నదీ, ఏ పని చేసిందీ రాసుకోవాలి.

2020 ఏప్రిల్ 6న కరోనా భయంతో జలీబ్, మహబూలా ప్రాంతాలను పూర్తిగా మూసివేశారు. వలస కార్మికులు ఎక్కడెక్కడ కిక్కిరిసి ఉంటున్నారో ఆనాడు ప్రభుత్వానికి తెలుసు. దిగ్బంధానికి దొరికిన చిరునామాలు ఆరోగ్య సర్వేకు మాత్రం దొరకవని ఇక ఎవరూ చెప్పకూడదు.