గృహదర్శనము: పొలము అమ్మి రోబో దగ్గరకు వెళ్ళాలా?



వాడపల్లిలో గోదావరి గట్టు దిగువన కాపురముండే ఒక సహోదరుని ఈమధ్య దర్శించాము. కొబ్బరి దింపులు తీసి పిల్లలను పెంచిన మనిషి. పక్షవాతము వచ్చి అప్పటికి రెండు నెలలు. ఆస్పత్రి నుండి వచ్చినది మొదలు మంచము దిగలేదు. "అలసిపోతారని కదలనివ్వట్లేదండి అయ్యగారూ" అన్నది ఆయన భార్య. మొదటిసారి వెళ్ళినప్పుడు "బాగా విశ్రాంతి తీసుకోండి" అని చెప్పి వచ్చినది మేమే. ఆ మాటను ఆమె తు.చ. తప్పక పాటించినది.

పెద్ద కుమారుడు ఫోనులో ఒక యంత్రమును చూపించాడు. మనిషిని పట్టీలతో పైనుండి వేలాడదీసి, కాళ్ళకు మోటార్లు బిగించి, కదిలే పట్టా మీద నడిపిస్తున్నది. "ఉన్న కాస్త కొబ్బరితోట అమ్మేసి నాన్నను అక్కడికి తీసుకెళ్ళమంటారాండి?" అన్నాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాము. తెలిసినవారిని అడిగి, కొంత చదివి, వారము తరువాత మరల వెళ్ళాము.

మనము నేలను ఎంత బలముతో తొక్కితే, నేల అంతే బలముతో మనలను పైకి నెడుతుంది. ఆ బలము మోకాలికి వెనుకగా పోతే కాలు మడతపడుతుంది. ముందుగా పోతే మోకాలు దానంతటదే నిలుస్తుంది. మడతపడకుండా ఆపేది తొడ కండరము. పోలియో వచ్చిన పిల్లలకు అది చచ్చుబడుతుంది గనుక తొడ వరకు ఇనుప కాలిపర్లు వేసేవారు. హైదరాబాదు నిమ్స్ నుండి ఎముకల వైద్యుడొకరు అబ్దుల్ కలాం గారి ప్రయోగశాలకు వెళ్ళి, అగ్ని క్షిపణి కొరకు తయారైన తేలికైన పదార్థమును చేతితో ఎత్తి చూశారట. వెంటనే ఆయనను తీసుకువెళ్ళి, మూడు కిలోలకు పైబడిన కాలిపర్లను ఈడ్చుకుంటున్న పిల్లలను చూపించారు. మూడు వారములలో 300 గ్రాముల కాలిపర్లు చేశామని కలాం గారే చెప్పేవారు. ఇది ఒక్క పదార్థము మహిమ కాదు. ఈ రకము కాలిపర్ చీలమండను కదలకుండా పట్టి, మోకాలి క్రింద ముంగాలికి ఆనుతుంది. అడుగు వేయగానే నేల బలమే మోకాలిని నిలబెడుతుంది. తొడ వరకు ఇనుముతో పనిలేదు.

పక్షవాతము సంగతి వేరు. కండరము ఉన్నది, మెదడు నుండి ఆజ్ఞ అందదు. చేసినదే వందలసార్లు చేస్తే మెదడు కొంత మరల నేర్చుకుంటుంది. రోబో పని అదే. చేయించేవారి నడుము నొప్పిపుడుతుంది, దానికి పుట్టదు. చేతి కొరకు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల, మద్రాసు ఐఐటి కలిసి 'ప్లూటో' అనే చిన్న యంత్రము చేశాయి. అయితే బ్రిటన్‌లో 770 మందిపై జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో, రోబోతో చేతికి సాధన చేసినవారు మామూలు చికిత్స పొందినవారికంటే చెప్పుకోదగినంత బాగుపడలేదు. నడక విషయములో మేలు కనబడినది. మొదటి మూడు నెలలలో, బొత్తిగా నడవలేనివారికి, అదీ ఫిజియోథెరపీతో కలిపి చేస్తేనే.

"తోట అమ్మవద్దు, రోజులు పోగొట్టవద్దు" అన్నాము. డాక్టరుగారి అనుమతితో ఫిజియోథెరపిస్టును పిలిపించారు. ఆయన మొదట నేర్పినది మంచము అంచున కూర్చుని లేవడము. పాదములు మోకాళ్ళకంటే వెనక్కు లాగి, తల కాలివ్రేళ్ళ మీదికి వచ్చేలా ముందుకు వంగి లేవాలి. బరువు పాదముల మీదికి రాకముందే లేవబోతే ఎంత బలవంతుడైనా వెనక్కు పడతాడు. చచ్చుబడిన చేయి పట్టి లాగి లేపవద్దని గట్టిగా చెప్పారు. పట్టి ఉంచే కండరములు లేక, చేతి బరువుకే భుజము కీలు జారుతూ ఉంటుందట. అంతవరకు ఆ ఇంట్లో అందరూ ఆ చేయి పట్టే లేపుతున్నారు!

మొన్న వెళ్ళేసరికి ఆ సహోదరి మంచము ప్రక్కన కొబ్బరి ఈనెలు పేర్చుకుని కూర్చున్నది. ఆయన లేచి కూర్చున్న ప్రతిసారి ఒక ఈనె అటు పెడుతున్నది. "ఇంకా ఆరున్నాయండి, మీరు కాసేపు మాట్లాడించకండి" అన్నది.