రోజూ పరీక్షలేనా? సాధన ఎప్పుడు?

మన వ్యాయామశాలలో ఇద్దరు కొత్తగా కలుసుకుంటే పేరు, ఊరు, గ్రూపు అన్నీ తరువాతి సంగతులు. మొదటి ప్రశ్న ఒక్కటే: "బెంచి ఎంత కొడతావు?" ఈ ప్రశ్న మీద నాకేమీ కోపం లేదు. ఈ వయసులో బలం మీద మమకారం లేకపోతే ఇంకే వయసులో ఉంటుంది? కాని ఆ జవాబులోని అంకెను పెంచుకునే దారిని మాత్రం మనం తలక్రిందులుగా పట్టుకున్నామని నా అభిప్రాయం. ఒక్క మాటలో చెప్పాలంటే, మనం రోజూ బలాన్ని పరీక్షించుకుంటున్నాం, సంపాదించుకోవటం లేదు.

సందేహం ఉన్నవారు ఏ సోమవారం సాయంత్రమైనా వచ్చి చూడవచ్చు. ఉన్నవి రెండు బెంచీలు. ఒక్కోదాని చుట్టూ ఏడెనిమిది మంది. 40 కిలోలతో ఒళ్లు వేడి చేసుకుని 50, 60, 70 అంటూ గబగబా ఎక్కించుకుపోతారు. ఎత్తలేని బరువు వచ్చినప్పుడే ఆగుతారు. అప్పుడు తల వెనక సపోర్టుకు నిలబడ్డ మిత్రుడు రెండు చేతులా రాడ్డు పట్టి లాగుతూ, "నీదే అన్నా, నీదే!" అని అరుస్తాడు. నిజానికి అందులో సగం అరిచినవాడిదే. పడుకున్నవాడి ఛాతీకంటె నిలబడ్డవాడి నడుముకే ఎక్కువ వ్యాయామం! వచ్చే సోమవారం మళ్లీ అదే తంతు, అదే 70. ఏడాది తిరిగినా అంకె పెరగదు. పెరిగేది భుజం నొప్పి.

ప్రతి సోమవారం వార్షిక పరీక్ష రాసి, మిగతా రోజుల్లో పుస్తకం తెరవని విద్యార్థిని చూస్తే మన అధ్యాపకులు ఏమంటారు? ఆ మాటే ఇక్కడా వర్తిస్తుంది. పరీక్ష మన దగ్గర ఉన్నదెంతో చెబుతుంది. లేనిదాన్ని తెచ్చిపెట్టదు.

బలమంటే కండ లావు ఒక్కటే కాదు. కొత్తగా మొదలుపెట్టినవాడికి తొలి వారాలలో టేపు కొలత పెద్దగా మారకుండానే బరువు పెరుగుతుంది. అది నాడుల మహిమ. ఎన్ని కండపోగులను ఒక్కసారిగా పిలవాలో, ఏ క్రమంలో పిలవాలో ఒంటికి అలవాటవుతుంది. అనగా బెంచి ప్రెస్ కూడా సైకిలు తొక్కటం లాంటి ఒక విద్యే. శుభ్రంగా పదే పదే చేసినదే వంటబడుతుంది. వంకరగా వందసార్లు చేస్తే వంకరే వంటబడుతుంది.

ఇది నేను కల్పించిన సిద్ధాంతం కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో వైద్యుడుగా ఉన్న థామస్ డెలార్మ్ గాయపడ్డ సైనికుల మోకాళ్లకు తిరిగి బలం తెప్పించటానికి బరువులు ఎత్తించాడు. 1945లో ఆ పద్ధతిని ప్రకటించాడు. 1948లో వాట్కిన్స్ అనే మరో వైద్యుడితో కలిసి దానిని మరింత సులువు చేశాడు. మనిషి సరిగ్గా 10 సార్లు ఎత్తగల బరువెంతో చూడాలి. అందులో సగంతో 10 సార్లు, ముప్పాతికతో 10, పూర్తి బరువుతో 10. బలం పెరిగేకొద్దీ బరువు పెంచాలి. అంతే! కొద్దికొద్దిగా, లెక్క ప్రకారం పెంచటమే అందులోని రహస్యం. దండీలు, బస్కీల లెక్క పెంచుకుంటూ పోయిన మన తాలింఖానాలదీ అదే దారి కదా. ఆసుపత్రి మంచం మీది మనిషికి పనికివచ్చిన లెక్క హాస్టలు మంచం మీది మనిషికి పనికిరాదా?

మన లెక్కలోకి వద్దాం. ఎవరి వేలూ తగలకుండా 60 కిలోలు ఒక్కసారి ఎత్తగల విద్యార్థి ఉన్నాడనుకోండి. అతడు రోజూ 60తో కుస్తీ పట్టనక్కరలేదు. ముప్పాతిక, అంటే 45 కిలోలు పెట్టుకుని, 5 రెప్పుల చొప్పున 5 సెట్లు తీయాలి. సెట్టుకీ సెట్టుకీ నడుమ మూడు నిమిషాలు తీరిగ్గా కూర్చోవాలి. మొదట్లో, "ఇంతేనా?" అనిపిస్తుంది. అలా అనిపించటమే మంచిది. ఇంకొకటో రెండో తీయగల ఓపిక ఉండగానే ప్రతి సెట్టూ ఆగాలి. అయిదు సెట్లూ పూర్తయితే వచ్చేసారి రెండున్నర కిలోలు కలపాలి. కాకపోతే అదే బరువుతో మళ్లీ చేయాలి. రెండు మూడుసార్లు అక్కడే ఆగిపోతే పదోవంతు తగ్గించి మళ్లీ మెట్లెక్కాలి. ఇలా వారానికి రెండు రోజులు, ఆ రెంటి నడుమ తగినంత ఎడం. రెండవ రోజున బరువు తగ్గించి, రాడ్డును ఛాతీ మీద ఒక్క క్షణం నిలిపి లేపితే ఇంకా మంచిది. ఇక అసలు పరీక్ష సెమిస్టరుకు ఒక్కసారి చాలు.

నేనూ నా రూమ్మేటూ ఈ లెక్కను రెండు సెమిస్టర్లు నోటుబుక్కులో రాసుకుంటూ చేశాం. నాది 55 నుంచి 75కు వచ్చింది, అతనిది 50 నుంచి 65కు. ఇందులో అద్భుతమేమీ లేదు. ఇద్దరి భుజాలూ క్షేమంగా ఉన్నాయి, అదీ నేను చెప్పదలచింది.

పద్ధతి గురించి నాలుగు ముక్కలు. పాదాలు నేలకు గట్టిగా ఆనాలి. భుజాల వెనక రెక్కలను దగ్గరకు లాగి బెంచీకి అదిమి ఉంచాలి. బొటనవేలు తప్పనిసరిగా రాడ్డు చుట్టూ తిరిగి ఉండాలి. దానిని మిగతా వేళ్ల పక్కన పెట్టి పట్టే పట్టు నుంచి రాడ్డు జారితే అది పడేది మెడ మీదో, ఛాతీ మీదో! రాడ్డు కిందికి వచ్చినప్పుడు మోచేతి నుంచి మణికట్టు దాకా నిట్టనిలువుగా ఉండాలి. మోచేతులు మరీ బార్లా చాపకూడదు. ఛాతీ మీద బంతిలా ఎగరేసిన బరువును లెక్కలోకి తీసుకోకూడదు.

ఈ చివరి మాట చాదస్తమనుకునేవారు పారాలింపిక్స్ చూడాలి. అక్కడి పవర్ లిఫ్టింగులో ఉన్నది బెంచి ప్రెస్ ఒక్కటే. రాడ్డును ఛాతీకి దించి, కదలకుండా ఆపి, అప్పుడు రెండు చేతులా సమంగా లేపితేనే ఒప్పు. పోలియో వలన కాళ్లు పనిచేయని మన పంజాబీ క్రీడాకారుడు రాజిందర్ సింగ్ రహేలు 2004లో ఏథెన్సులో 56 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది ఈ నియమం కిందనే. ఆయన వెనక "నీదే అన్నా" అని లాగిపెట్టినవారెవరూ లేరు!

అలాగని బెంచే సర్వస్వం కాదు. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ పోటీలో బెంచి ప్రెస్సే లేదు. ఆ బలం కాళ్లది, నడుముది, వీపుది. ఛాతీకి ఎన్ని సెట్లు తీస్తామో వీపుకూ అన్ని లాగితేనే భుజం కుదురుగా ఉంటుంది.

కిందటి సంవత్సరం ఒక పొద్దున ఒంటరిగా బెంచి చేస్తున్న జూనియరు ఒకడు రాడ్డు కింద ఇరుక్కున్నాడు. రెండు పక్కలా లాకులు బిగించి ఉండటంతో ప్లేట్లను జారవిడిచే వీలు కూడా లేకపోయింది. ఊడవటానికి వచ్చిన తాత చీపురు పారేసి పరుగెత్తుకు వచ్చి ఒక కొస ఎత్తిపట్టబట్టి బతికి బయటపడ్డాడు. తాత ఆ రోజు సెలవు పెట్టి ఉంటే? ఛాతీకి వేలెడు కిందుగా రెండు ఇనుప కమ్మీలు అడ్డంగా ఉండే స్టాండు ఉంటే ఈ ప్రశ్నే పుట్టదు. అది లేనంతకాలం ఒంటరిగా బెంచి చేయరాదని గోడ మీద రాసిపెట్టటానికైనా మనకు అభ్యంతరమేమిటి?

మరో ముఖ్య సంగతి. మన దగ్గర ఉన్న అతి చిన్న ప్లేటు రెండున్నర కిలోలది. రెండు పక్కలా వేస్తే 5 కిలోలు. 40 దగ్గర ఉన్నవాడికి అది ఒక్క దెబ్బన ఎనిమిదో వంతు పెంపు. ఎనిమిది మెట్లు కలిపి ఒక్క మెట్టు కడితే ఎవరెక్కుతారు? ఇక విద్యార్థినుల సంగతి మరీ అన్యాయం. నా తోటి విద్యార్థిని ఒకామె, "మీ ఖాళీ రాడ్డే మాకు మ్యాక్సు. ఇంక ప్లేట్లు ఎక్కడ తగిలించమంటారు?" అని అడిగింది. 20 కిలోల రాడ్డు ఒక్కటే పెట్టి, "అమ్మాయిలు రావటం లేదండీ" అనటం మనకు న్యాయమా?

తిండి సంగతి. బలసాధన చేసేవారికి రోజుకు ఒంటి బరువులో కిలోకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలునని 2018లో అనేక పరిశోధనలను కలిపి చూసినవారు తేల్చారు. 60 కిలోల మనిషికి అది 96 గ్రాములు. గుడ్డుకు 6, పావు లీటరు పాలకు 8, గుప్పెడు వేరుశనగలకు ఒక 8. మెస్సు పప్పులో పప్పు కాస్త ఎక్కువ కనిపిస్తే ఖరీదైన డబ్బాల అవసరం చాలామందికి ఉండదు. నిద్రకు మాత్రం బదులు లేదు. పరీక్షల ముందు రాత్రిళ్లు మేలుకునే వారాల్లో బరువు తగ్గించుకోవటం పిరికితనం కాదు, వివేకం.

డబ్బా తరువాత మెట్టు సూది. "మూడు నెలల్లో వంద కొట్టిస్తా" అని గుసగుసలాడే గురువులు ఊళ్లో ఉన్నారు. ఆ హార్మోనును బయటినుంచి ఎక్కిస్తే ఒంట్లో సహజంగా తయారయ్యేది పడిపోతుంది. వీర్యకణాలు తగ్గుతాయి. రక్తపోటు, కొలెస్ట్రాలు, గుండె దెబ్బతింటాయి. రోజూ పరీక్ష రాస్తూ రోజూ తప్పేవాడికే కాపీ చీటీ మీద మనసు పోతుంది. సాధన ఉన్నవాడికి దాని అవసరమే రాదు.

"బస్తాలు మోసే హమాలీలు నోటుబుక్కులు రాశారా?" అని కొందరు మిత్రులు వాదిస్తారు. రాయలేదు. కాని ఆ పనిలోకి వచ్చిన కుర్రవాడు బరువులకు అలవాటుపడటానికి ఏళ్లు పట్టింది. ఆ తరువాత ఆ నడుములు ఏమయ్యాయో మార్కెట్ యార్డులో ఏ పెద్దాయనను అడిగినా చెబుతాడు. వారికి కూలి తప్ప మరో దారి లేదు. మనకు ఉంది. ఉన్న దారిని వదులుకోవటం పౌరుషం ఎలా అవుతుంది?

విద్యార్థి సంఘానికి నా మనవి. ఈ ఏడు వ్యాయామశాల పద్దులో గోడ నిండా అద్దం వేయించాలనే ప్రతిపాదన ఉన్నట్లు విన్నాను. అద్దం వద్దనను, ముందు ఇవి కొనండి: కమ్మీల స్టాండు ఒకటి, 15 కిలోల రాడ్డు ఒకటి, కిలోంబావు ప్లేట్లు రెండు జతలు, అరకిలోవి ఒక జత. వీటితోపాటు బెంచి పక్కన దారంతో కట్టిన పెన్నూ, ఒక పెద్ద రిజిస్టరూ. ప్రతివాడూ ఆ రోజు ఎంత బరువు, ఎన్నిసార్లు, ఎవరి సాయమూ లేకుండా ఎత్తాడో అందులో రాయాలి. రాతలో ఉన్న అంకెకు అరుపులతో పని లేదు. అది కిందటి నెలకంటె కిలోంబావు పెరిగినా ఆ పెరుగుదల నిజం. ఆ నిజం మీద ఇంకో కిలోంబావు నిలబడుతుంది.