విడాకులు - బిడ్డల పైచదువు

దంపతులు విడిపోయినంతమాత్రమున లోకము మునిగిపోదు. పొసగని కాపురమును జీవితాంతము మోయుటకంటె న్యాయస్థానము నాశ్రయించి విడిపోవుటయే మేలని మేమును నమ్మినవారమే. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము విడాకుల నంగీకరించినది. 1976లో ఉభయుల సమ్మతితో విడిపోవుటకును అందు వీలు కల్పింపబడినది. ఈ హక్కును మేము నిందింపము. కాని విడాకులు భార్యాభర్తలకే గాని తండ్రికిని బిడ్డకును గావు, తల్లికిని బిడ్డకును గావు. ఈ చిన్న సత్యము బిడ్డ కళాశాలలో జేరవలసిన దినముననే మఱుగున బడుచున్నది.

మా వృత్తి బోధన. ఇంటరు ఫలితములు వెలువడి పిల్లలు పైచదువులకు బయలుదేఱు వేసవిలో ఇట్టి యిండ్ల పిల్లలను మేము ఏటేట చూచుచున్నాము. తండ్రి నడిగిన, "నిన్ను దగ్గఱ నుంచుకొన్నది మీ యమ్మ గదా, ఆమెనే యడుగు" మనును. తల్లి నడిగిన, "సంపాదన యున్నది మీ నాన్నకు, ఆయననే యడుగు" మనును. రెండిండ్ల నడుమ కాగితము పట్టుకొని తిరుగుచుండగనే ఫీజు గడువు దాటిపోవును. మంచి మార్కులు వచ్చిన పిల్ల తనకు నచ్చని కోర్సులో జేరును. పిల్లవాడు ఏడాది యాగుదమని దుకాణములో పనికి గుదురును. అట్లు ఆగినవారిలో మరల పుస్తకము పట్టువా రెందఱు?

"వానికి పదునెనిమిదేండ్లు నిండినవి, ఇక నాకు బాధ్యత లే" దనుట కొందఱు తండ్రుల వాదము. వారి వాదమునకు చట్టములో ఆధారము లేకపోలేదు. 1956వ సంవత్సరపు హిందూ దత్తత, మనోవర్తి చట్టము ప్రకారము మనోవర్తి యనగా కూడు, గుడ్డ, ఇల్లు, వైద్యము మాత్రమే కాదు. విద్యయు నందు జేరియున్నది. అయినను కొడుకు విషయమున ఆ బాధ్యత మైనారిటీ తీఱువఱకే. పెండ్లికాని కూతురు తన్ను తాను పోషించుకొనలేనిచో ఆ పిమ్మటను నిలుచును. పదునెనిమిదేండ్లు నిండుట యెప్పుడు? కళాశాల గుమ్మ మెక్కు వేళకు! ఖర్చు పెరుగు దినముననే చట్టము పట్టు సడలుచున్నది. పలక కొనిపెట్టుట బాధ్యత యట. పట్టము వఱకు చదివించుట మాత్రము దయ యట! ఇది యేమి న్యాయము?

న్యాయస్థానములు ఈ లోపమును గుర్తింపకపోలేదు. కొడుకునకు పదునెనిమిదేండ్లు నిండిన కారణమున చదువు భారమంతయు తల్లిపైనే పడవేయరాదని 2021లో ఢిల్లీ హైకోర్టు చెప్పినది. తలిదండ్రులనుండి విద్యావ్యయమును పొందుట కూతురి హక్కని 2025 జనవరిలో సుప్రీంకోర్టు పలికినది. ఇవి సంతోషింపదగిన మాటలే. కాని తీర్పు వచ్చువఱకు ఏ కళాశాలయు ఫీజు గడువు పొడిగింపదు. వ్యాజ్యము సాగుచుండగనే నాలుగేండ్ల చదువు ముగియవచ్చును.

కాళిదాసు రఘువంశమున దిలీపుడు ప్రజలకు తండ్రివంటివా డనుటకు చెప్పిన కారణములలో శిక్షణము మొదటిది. రక్షణమును భరణమును తరువాతివి. మన విడాకుల పత్రములలో నీ క్రమము తలక్రిందులైనది. ఇల్లెవరిది, బంగార మెవరిది, బిడ్డను ఆదివారము చూచునదెవరు అని పుటలు నింపుదురు. ఆ బిడ్డ పైచదువును గూర్చి యొక్క పంక్తి యుండదు. కొందఱు తల్లికి ఒకేమాఱు కొంత సొమ్మిచ్చి, సర్వహక్కులును తీఱిన వని వ్రాయించుకొందురు. తల్లి తన హక్కును వదలుకొనవచ్చును గాక. బిడ్డ హక్కును వదలుటకు ఆమెకు గాని, వ్రాయించుకొనుటకు అతనికి గాని అధికార మెక్కడిది?

ఎవరెంత భరింపవలెను? చెరిసగ మనుట పైకి న్యాయముగా గనబడును. నెలకు 90,000 రూపాయలు తెచ్చువానికిని 30,000 తెచ్చు నామెకును చెరిసగము సమానము కాదు. తల్లియు చాలినంత సంపాదించుచున్నచో విద్యావ్యయమును నిష్పత్తి ననుసరించి పంచవచ్చునని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. ఉభయులును తమ ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రముపై తెలుపవలె ననియు విధించినది. లెక్క చూతము. ఏడాదికి ఫీజు, పుస్తకములు 1,80,000, తల్లి యింట బిడ్డ తిండికి, బసకు 60,000, వెరసి 2,40,000. రాబడి మూడు పాళ్లకు ఒక పాలైనపుడు తండ్రి వంతు 1,80,000, తల్లి వంతు 60,000. తల్లి తన వంతును వంటయింటిలోనే చెల్లించుచున్నది. కావున ఫీజు మొత్తము తండ్రి కట్టుట ఉదారత కాదు, వట్టి లెక్క. రాబడులు తారుమారైనచో ఈ లెక్కయే తల్లిపై బడును. మేము తల్లి పక్షమున వాదించుట లేదు. బిడ్డ పక్షమున వాదించుచున్నాము.

తండ్రికి సొమ్మడుగుటకు మాత్రమే కబురు చేసి, కోర్సు నెన్నుకొనునపుడు మాట మాత్రమైనను చెప్పని తల్లియు తప్పుచేసినదే. "నేను చెప్పిన కళాశాల యైననే కట్టుదు" నను తండ్రి సొమ్ముతో పగ తీర్చుకొనుచున్నాడు. ఉపకారవేతనము వచ్చిన మొదట దానిని తగ్గించి, మిగిలినదే పంచుకొనవలెను. సొమ్ము ఒకరిచేతినుండి మఱొకరిచేతికి పోక నేరుగా కళాశాలకే చేరిన అనుమానమునకు తావుండదు. బిడ్డయు తన మార్కులను, ఖర్చును ఇద్దఱకును దాపరికము లేక తెలుపవలెను.

కావున విడాకులు కోరువారికి మా మాట యొక్కటే. సంతకములు చేయకమున్నే ఆ పత్రములో ఈ నాలుగు సంగతులు వ్రాయింపుడు: మొదటి పట్టము వఱకు చదువు బాధ్యత ఇద్దఱిదియు, వంతులు రాబడి ననుసరించి, రెండేండ్ల కొకమాఱు తిరిగి చూడవలెను, ఫీజుతోపాటు బస, పుస్తకములు, పరీక్షల ఖర్చులును లెక్కలో జేరవలెను, చెల్లింపు గడువునకు ముందే జరుగవలెను. బిడ్డ మూడేండ్లవాడైనను సరే, నేడే వ్రాయింపుడు. న్యాయవాదులారా, మీ కక్షిదారులు మఱచినచో మీరు జ్ఞాపకము చేయుడు. శాసనకర్తలారా, చదువు ముగియువఱకు బాధ్యత నిలుచునట్లు చట్టమును సవరింపుడు. ఆ సవరణ వచ్చులోపల ఎందఱు పిల్లలు గుమ్మముననే నిలిచిపోవుదురో, దానికి మాత్రము మన మందఱము జవాబుదారులము.