నిదానం చూడని వైద్యం

నిదానమనే మాటకు మనలో రెండర్థాలు చెలామణిలో ఉన్నాయి. "కాస్త నిదానించు నాయనా" అని తల్లి అంటే తొందరపడవద్దని భావం. ఆయుర్వేదం చదివిన వైద్యుడు అదే మాట అంటే రోగానికి మూలకారణం అని అర్థం. మాధవకరుడు రోగాల గుర్తింపుమీద రాసిన గ్రంథం మాధవనిదానమనే పేరుతోనే ప్రసిద్ధి. ఓపికకూ, మూలకారణానికీ ఒకే మాట కుదరడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఓపిక లేనివాడికి మూలకారణం దొరకదని లోకంలో రోజూ చూస్తూనే ఉన్నాం. ఈ వారం నేను చెప్పబోయే రోగి మనిషి కాదు, పెట్రోలు తాగే ఒక చిన్న పందెపు కారు.

ఇంజనీరింగు విద్యార్థులు తమ చేతులతో ఒక రేసుకారు కట్టి, తామే నడిపి చూపవలసిన పోటీలున్నాయి. 1981లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఫార్ములా ఎస్.ఏ.ఇ. అనే పేరుతో మొదలైన ఈ ముచ్చట క్రమంగా అనేక దేశాలకు పాకింది. మన దేశంలో ఫార్ములా భారత్ పేరిట కోయంబత్తూరు దగ్గరి కారి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతుంది. మారుతీ ఇంజనుతో చిన్న రేసుకార్లు తయారుచేసి ఎందరో కుర్రవాళ్లను ఈ ఆటలోకి దించిన కరివర్ధన్ పేరే ఆ బాటకు పెట్టారు.

కారు ఒంటి మనిషికి సరిపోయేంతది. ఇంజను 710 సి.సి. మించరాదు. అది పీల్చే గాలి యావత్తూ 20 మిల్లీమీటర్ల రంధ్రంలోనుంచే పోవాలి. ఇంజనును సొంతంగా తయారు చేసుకోవడం పిల్లల తరం కాదు గనుక చాలామంది మోటారుసైకిలు ఇంజను తెచ్చి బిగిస్తారు. పోటీలో అసలు అగ్నిపరీక్ష సుమారు 22 కిలోమీటర్ల ఓర్పు పరుగు. నడుమ ఇంజను ఆపి, డ్రైవరు మారి, మళ్లీ స్టార్టు చేయాలి. ఏడాది పొడుగునా పడ్డ పాట్లన్నీ ఆ అరగంటలో తేలిపోతాయి.

మా మేనల్లుడు అటువంటి జట్టులో ఒకడు. పోటీ మూడు వారాలుందనగా వాళ్ల కారుకు దగ్గు పట్టుకుంది. పోతూ పోతూ ఇంజను ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై, మళ్లీ తేరుకునేది. పిల్లలు వెంటనే వైద్యం మొదలుపెట్టారు. పెట్రోలు పంపు కొత్తది తెచ్చారు. ఇంజనులోకి పెట్రోలును తుంపరగా చిమ్మే ఇంజెక్టరును విప్పి కడిగించారు. ఎంత పెట్రోలు చిమ్మాలో లెక్కగట్టే కంప్యూటరులో అంకెలు మార్చారు. చివరికి డ్రైవరు కుర్రాడికే నడపడం రాదన్నారు. అతడు అలిగి రెండు రోజులు షెడ్డుకు రాలేదు. ఆ జట్టులో ఒకడి తండ్రి చీటీ పాడి డబ్బిచ్చాడని నాకు తెలుసు. దగ్గు మాత్రం తగ్గలేదు.

"ఎప్పుడు దగ్గుతుందిరా?" అని అడిగాను.

"అప్పుడప్పుడూ, మామయ్యా!"

నాకు ఇంజను సంగతి తెలియదు. కాని అప్పుడప్పుడూ అన్నది జవాబు కాదని తెలుసు. జ్వరం పొద్దున వస్తుందా, రాత్రి వస్తుందా, చలితో వస్తుందా అని అడగకుండా మందిచ్చే వైద్యుణ్ని మనం రెండోసారి పిలుస్తామా? ఒక నోటుబుక్కు తెచ్చి, దగ్గినప్పుడల్లా మూడు సంగతులు రాయమన్నాను: కారు ఎక్కడ ఉన్నది, బయల్దేరి ఎంతసేపైంది, తొట్టిలో పెట్రోలెంత.

ఈ మూడే ఎందుకంటే, పెట్రోలు అందకపోవడమనే రోగం పైకి ఒకలాగే కనిపించినా దాని కారణాలు అరడజను. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క వేళ. ఫిల్టరులో నలక పేరుకుంటే ఇంజను నిలకడగా ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. తిన్నని బాటలో పూర్తి వేగం అందుకోబోయినప్పుడు, అనగా ఆకలి ఎక్కువైనప్పుడు, నీరసిస్తుంది. తొట్టిలోకి గాలి వెళ్లే దారి మూసుకుపోతే మొదట బాగానే నడుస్తుంది. పెట్రోలు తగ్గినకొద్దీ లోపల గాలి పలచబడి పంపుకు లాగడం కష్టమవుతుంది. మూత తీస్తే బుస్సుమంటుంది, కారు కోలుకుంటుంది. పంపుకు పోయే తీగ సన్నదైతే, రేడియేటరు ఫంకా తిరగగానే విద్యుత్తు చాలక పంపు మందగిస్తుంది. అందుకే వోల్టేజి బ్యాటరీ దగ్గర కాదు, పంపు దగ్గరే చూడాలి. వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరై బుడగలు కడితే, ఆపిన బండి మళ్లీ స్టార్టు కాదు. ఇక నిప్పురవ్వ తప్పడం వేరు సంగతి. అది చాలాసార్లు స్విచ్చి ఆర్పినట్టు ఠక్కున జరుగుతుంది. పెట్రోలు చాలకపోతే ఇంజను సాధారణంగా గొంతు పూడుకుపోయినట్టు క్రమంగా తగ్గుతుంది.

మన వైద్యశాస్త్రం రోగాన్ని ఎరిగే సాధనాలు ఐదని చెప్పింది: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. కారణం, ముందు కనిపించే సూచన, స్పష్టమైన లక్షణం, ఏ ఉపచారానికి ఉపశమిస్తుందన్న పరీక్ష, రోగం లోపల పెరిగిన క్రమం. నాలుగోదైన ఉపశయం నాకు చాలా ఇష్టం. పైకి తెలియని రోగాన్ని, ఇది చేస్తే తగ్గుతుందా, అది చేస్తే హెచ్చుతుందా అని చూసి పట్టుకోవడం అది. అయితే ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. పంపూ, ఇంజెక్టరూ, అంకెలూ ఒకేరోజు మారిస్తే, ఒకవేళ నయమైనా దేనివల్ల నయమైందో ఎవరికి తెలుసు?

నాలుగు రోజుల్లో నోటుబుక్కు మాట్లాడింది. తిన్నని బాటలో ఒక్క దగ్గూ లేదు. పొడుగాటి ఎడమ మలుపుల్లోనే అన్నీ. అవైనా తొట్టి సగానికి తగ్గాకనే.

షెడ్డులో కారు నిలిపి ఇంజెక్టరు ముందు గొట్టానికి కొలమానం బిగించి చూస్తే ఒత్తిడి సుమారు 3 బార్‌లు, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు మూడింతలు. ముల్లు కదలలేదు. కొత్త పంపు బాగానే ఉంది. అసలు పాతదీ బాగానే ఉండేదేమో! తర్వాత ఉపశయం. తొట్టి మెడదాకా నింపి అవే మలుపులు తిప్పారు, దగ్గు లేదు. పావు తొట్టితో తిప్పారు, మూడో మలుపులోనే వచ్చింది. పరుగులో ఒత్తిడిని రాసిపెట్టే సాధనం అమర్చి చూస్తే, ఎడమ మలుపు తిరిగినప్పుడల్లా గీత గోతిలో పడ్డట్టు దిగిపోతున్నది.

ఇక సంప్రాప్తి. రిక్షా గిర్రున మలుపు తిరిగితే ఒళ్లోని సాంబారు గిన్నె ఏమవుతుందో ఇల్లాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఎడమకు తిరిగితే పెట్రోలు కుడి గోడకు ఎగబాకుతుంది. మలుపులో పక్కకు తోసే బలం బరువుతో సమానమైతే, తొట్టిలో పెట్రోలు మట్టం 45 డిగ్రీలు వాలుతుంది. పంపు మూతి ఎడమ పక్కన ఉంది. అక్కడ మిగిలింది గాలి. పంపు గాలి మింగింది, ఒత్తిడి పడిపోయింది. ఇంజెక్టరు సరైన సమయానికే తెరుచుకున్నా చిమ్మడానికి సరిపడా పెట్రోలు లేదు. తాను చెప్పినంతా పోసిందనే కంప్యూటరు భ్రమ.

మరి అదే పంపు మోటారుసైకిలు మీద ఎందుకు దగ్గలేదు? మోటారుసైకిలు మలుపులో తానే వాలుతుంది. బండితోపాటు తొట్టీ వాలుతుంది గనుక పెట్రోలు తొట్టి అడుగునే ఉంటుంది. నాలుగు చక్రాల కారు అలా వాలదు. ఇంజను తెచ్చుకున్న పిల్లలు, ఆ ఇంజను బతికిన పద్ధతిని వెంట తెచ్చుకోలేదు. ఈ సంగతి అర్థమైన రోజున మా వాడి మొహం చూడవలసిందే!

మందు చాలా చవక. తొట్టిలో అడ్డురేకులు పెట్టి, పంపు చుట్టూ చిన్న గది కట్టి, పెట్రోలు లోపలికే గాని బయటికి పోకుండా ఒకవైపే తెరుచుకునే తలుపులు అమర్చడమే. పాత తొట్టికి మాత్రం వెల్డింగు పెట్టనివ్వలేదు. ఖాళీ తొట్టిలో మిగిలిన పెట్రోలు ఆవిరికి నిప్పు సోకితే అది బాంబుతో సమానం. కొత్త రేకుతో కొత్త తొట్టే చేయించారు. ఆ ఖర్చు కూడా కొత్త పంపు ధరకన్నా తక్కువే. ఇంకొకమాట: ఇంజను ఆపినా గొట్టంలో ఒత్తిడి నిలిచే ఉంటుంది. దాన్ని వదలగొట్టకుండా గొట్టం విప్పితే పెట్రోలు కళ్లలోకి చిమ్ముతుంది. ఇటువంటి పని చల్లారిన ఇంజను మీద, ఆరుబయట, అగ్నిమాపక సాధనం పక్కన పెట్టుకుని చేయవలసిందే. మా వాళ్లకు ఈ మాట పదిసార్లు చెప్పాను, వాళ్లు విసుక్కున్నా సరే.

అలిగిన డ్రైవరును జట్టంతా ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చింది. పోటీలో 22 కిలోమీటర్లూ పూర్తిచేశారు. బహుమతి రాలేదు గాని, మధ్యలో ఆపిన ఇంజను తిరిగి స్టార్టయిన క్షణంలో గంతులు వేశామని ఫోనులో మా వాడు చెప్పాడు.

రేసుకారు మన ఇళ్లలో ఉండదు. కాని నీళ్ల మోటారు ఉంటుంది, స్కూటరు ఉంటుంది, మాటిమాటికీ కడుపునొప్పి అనే పిల్లవాడుంటాడు. ఈసారి మెకానిక్కును గాని, డాక్టరును గాని పిలిచేముందు ఒక కాగితం తీసుకోండి. ఎప్పుడు వస్తున్నది, ఎంతసేపటికి వస్తున్నది, ఏం చేస్తే తగ్గుతున్నది, ఈ మూడూ రాసి వారి చేతిలో పెట్టండి. వచ్చినాయన మొదట మిమ్మల్ని వింతగా చూస్తాడు. చూడనివ్వండి.