నిజము చెప్పెడి మాట

క్రొత్తగా చిత్రలేఖనము నేర్చుకొనువారు తాము వేసిన బొమ్మను ఇతరులకు చూపినపుడు సాధారణముగా రెండు మాటలు వినవచ్చును. ‘చాల బాగున్నది’ అనునది మొదటిది. ‘ఇది నీ వలన కాదు’ అనునది రెండవది. ఒకటి తీయగా నుండును. మరియొకటి చేదుగా నుండును. కాని ఆలోచించి చూచినచో రెండును ఒక్క జాతికి చెందినవే. బొమ్మలో ఎచ్చట ఏమి తప్పినదో, దానిని ఎట్లు దిద్దుకొనవలెనో రెండును చెప్పవు. వీనికి భిన్నమైన మూడవ మాట యొకటి కలదు. అది నిష్కపటమైన విమర్శ. నీటిరంగులతో చిత్రములు వేయ మొదలిడినవారికి ఖరీదైన కుంచెకన్న, రంగుల పెట్టెకన్న అదియే ఎక్కువ అవసరమని నా అభిప్రాయము.

తైలవర్ణములతో చిత్రించువాడు ఒకచోట పొరపడినచో, రంగు ఆరిన పిమ్మట దానిపై దళసరి పూత పూసి కప్పివేయగలడు. నీటిరంగుల స్వభావము అట్టిది కాదు. అవి పలుచనివి, క్రిందనున్న దానిని దాచవు. వెలుగు కావలసినచోట కాగితపు తెలుపునే విడిచిపెట్టవలెను. అందుచేత లేతరంగులు ముందు, ముదురురంగులు పిదప వేయుట ఆచారము. ఒకసారి పోగొట్టుకొన్న తెలుపును మరల రప్పించుట మిక్కిలి కష్టము. తడిగా నున్నపుడు నిండుగా కనిపించిన రంగు ఆరినపిదప లేతబడును. సగమారిన పూతపై నీరెక్కువైన కుంచెను ఆనించినచో అంచులు ముడతపడిన పువ్వువంటి మరక ఏర్పడును. రంగుపై రంగు పదేపదే రుద్దినచో చిత్రము బురదవలె మాసిపోవును.

ఈ తప్పులకు కారణమైన క్షణము కుంచె కదలినపుడే గడచిపోవును. చివరకు మిగులునది ఫలితము మాత్రమే. అభ్యాసకుడు మరకను చూచును గాని దాని పుట్టుకను ఎరుగడు. రంగు మంచిది కాదనుకొని క్రొత్తది కొనును; దానితోను అదే తప్పు చేయును. అనుభవజ్ఞుడు చూచి, “నాయనా, ఆకాశము ఆరకముందే చెట్లు వేసితివి, అందుచేతనే పచ్చరంగు పైకి పాకినది” అని చెప్పినచో ఎన్నో దినముల వృథాశ్రమ తప్పును.

ఇదిగాక, మన కన్నే మనలను మోసగించును. గంటలతరబడి చూచిన బొమ్మలోని వంకర కంటికి అలవాటైపోవును. ఇటలీదేశపు మహాచిత్రకారుడు లియొనార్డో డావిన్చి (1452–1519) చిత్రకారులు తమ చిత్రమును అద్దములో చూచుకొనవలెనని సలహా యిచ్చెను. కుడియెడమలు తారుమారగుటచే అది పరుల చిత్రమువలె తోచి, దోషములు బయటపడును. ఇతరుల అభిప్రాయములను వినుటకు వెనుదీయరాదనియు ఆయన బోధించెను. అంతటి వాడే అట్లు చెప్పగా, నిన్న కుంచె పట్టినవారి మాట చెప్పనేల?

అయితే ఎవరి మాట వినవలెను? ప్రాచీన గ్రీసుదేశపు చిత్రకారుడు అపెల్లీసు తన చిత్రములను దారిని పోవువారు చూచునట్లు ఉంచి, వెనుక దాగి వారి మాటలు వినెడివాడని రోమను రచయిత ప్లినీ చెప్పియున్నాడు. ఒకనాడు చెప్పులు కుట్టువాడు, చిత్రములోని చెప్పునకు వారు తగులుకొను ఉంగరమొకటి తగ్గినదనెను. అపెల్లీసు వెంటనే దిద్దెను. మరునాడతడు కాలినికూడ తప్పు పట్టగా, చెప్పును దాటి పోవలదని చిత్రకారుడు వారించెనట. చెప్పుల విషయమున ఆ మహాచిత్రకారునికన్న అతడే పండితుడు. అట్లే, గోదావరిపై పడవను చిత్రించినచో తెరచాప గాలికెట్లు ఉబ్బునో పడవవాడు చెప్పగలడు. ఎవరికి ఏది బాగుగా తెలియునో, దానియందు వారి మాట శిరోధార్యము.

తప్పులు చూపినచో పసిమనస్సు నొచ్చుకొనునని, మొదట పొగడ్తయే మేలని కొందరందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ఎగతాళికి భయపడి కుంచెను విడిచినవారు కలరు. కాని ఎగతాళి విమర్శ కాదు. లేని గుణమును ఉన్నదని చెప్పుటయు దయ కాదు. ఇంటిలో పొగడ్తలు మాత్రమే వినిన బాలుడు, పోటీలో పరులనోట మొదటిసారి నిజము విన్నపుడు, దానిని తట్టుకొను అలవాటు లేక క్రుంగిపోవును.

దామెర్ల రామారావు (1897–1925) జీవితము ఇచ్చట స్మరింపదగినది. రాజమహేంద్రవరములోని ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు, స్వయముగా చిత్రకారుడు నగు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించెను. మెచ్చుకొని ఊరకుండక, బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలలో శిక్షణ పొందుటకు ప్రోత్సహించెను. సహజమైన నేర్పు గలవాడును నేర్చుకొనవలసినది కలదని గుర్తించుటయే నిజమైన ఆదరము. రామారావు తిరిగివచ్చి, తన ఊర యువకులకు చిత్రకళ నేర్పెను. 28వ యేటనే మరణించినను, ఆయన చిత్రములు అచ్చట ఆయన పేరిటి చిత్రశాలలో నేటికిని కలవు.

కావున విద్యార్థులారా! మిత్రుని బొమ్మను విమర్శింపవలసివచ్చినపుడు ముందు కుదిరిన దానిని చూపుడు. అది ముఖస్తుతి కాదు, నిలుపుకొనవలసినదేదో తెలుపుట. పిదప ముఖ్యమైన దోషమొకటి, దాని కారణము, దిద్దుకొను మార్గము చెప్పుడు. మీ బొమ్మను చూపునపుడు ‘ఎట్లున్నది?’ అని మాత్రమే అడుగక, ‘ఈ నీడ నీటిపై పడినట్లే యున్నదా?’ అని అడుగుడు. ప్రశ్న సూటిగా నున్నచో జవాబును సూటిగా వచ్చును. తప్పిన బొమ్మను చింపివేయక, వెనుక తేదీని, విన్న విమర్శను వ్రాసి దాచుకొనుడు.

ఆరిపోయిన చిత్రమును ఏ విమర్శయు మార్చజాలదు. కాని తరువాతి కాగితము ఇంకను తెల్లగానే యున్నది. నిజము చెప్పెడి మాట దానికొరకే.